నాన్న కథ అమ్మిన గిన్నెలవారు

తుని నుంచి నర్సీపట్నం పోయే దారిలో గుమ్మిడాల అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఎవరి దగ్గర ఎంత తెలివి ఉందని అడిగితే, గిన్నెలవారింట్లో కుంచెడు, మిగతా ఊరందరికీ కలిపి సోలెడు అని చెప్పేవాళ్ళు. చెప్పేది ఎవరంటే గిన్నెలవాళ్ళే. సోలెడువాళ్ళు మాట్లాడకుండా నవ్వుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో ముగ్గురు. పెద్దవాడు భూలోకం, రెండోవాడు తాతాలు, ఆఖరిది నూకరత్నం. తండ్రి అప్పలకొండ వంటలవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. పోతూ పోతూ పిల్లలకి ఇల్లు నిండా వంటపాత్రలు వదిలి వెళ్ళాడు. గుండిగలు, గంగాళాలు, డేగిసాలు, పిల్లాడు మునిగేంత బాణళ్ళు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వాటిని అద్దెకిచ్చుకుంటూ ముగ్గురూ హాయిగా బతుకుతున్నారు. ముగ్గురికీ పెళ్ళిళ్ళు కాలేదు. తమకి సరితూగే తెలివైన సంబంధం ఈ చుట్టుపక్కల దొరకదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

ఆ తెలివి ఎలాంటిదంటే, ఒకసారి భూలోకానికి కడుపులో నొప్పొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "పొద్దున్నే మాత్ర వేసుకో, ఆ తర్వాత అరగంట దాకా ఏమీ ముట్టకూడదు" అన్నాడు డాక్టరు. అంతే. రోజూ మాత్ర మింగి, చేతులు రెండూ పైకెత్తి, నడివీధిలో ఏ గోడకీ ఏ మనిషికీ తగలకుండా అరగంట నిలబడేవాడు. ముక్కు మీద ఈగ వాలినా తోలేవాడు కాదు. నొప్పి తగ్గిపోయింది. "మందు ఎవడైనా మింగుతాడు, డాక్టరు మాట అర్థం చేసుకోవడంలో ఉంది" అని నెలరోజులు చెప్పుకున్నాడు.

నూకరత్నం ఏం తక్కువ కాదు. పక్కింటావిడ బజారుకెళ్తూ "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త ఒక కన్నేసి ఉంచమ్మా" అంటే, రెండో కన్ను అరచేత్తో మూసుకుని పొయ్యి ముందు కూర్చుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. "నా కన్ను ఉన్నవైపు పొంగలేదు పిన్నీ, అటువైపు నుంచి పొంగాయి" అని చెప్పి వచ్చేసింది.

ఇక తాతాలు. ఏడో తరగతి దాకా చదివాడు కాబట్టి ఆ ఇంటికి పండితుడు అతనే.

ఆ ఏడు జ్యేష్ఠం చివర్లో ఊళ్ళో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురి తరఫు బంధువు ఒకాయన విశాఖపట్నం నుంచి వచ్చాడు. పేరు సోమలింగం గారు. రెండు చిన్న సినిమాలు తీసి పెద్ద పేరూ రాక, పెద్ద నష్టమూ రాక మధ్యలో నిలబడ్డ నిర్మాత. బంతిలో కూర్చుని పనసపొట్టు కూర కలుపుకుంటూ పక్కాయనతో అన్నాడు. "కథలు లేవండీ ఇప్పుడు. ఎవడైనా మంచి కథ ఒకటి రాసి పట్టుకొస్తే రేపే కొంటాను."

వెనకాల గంగాళం తోముతున్న తాతాలు చెవిన ఆ మాట పడింది. ఇంకేముంది, గంగాళం సగంలో వదిలేసి ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాడు.

"ఏం కథ రాస్తావన్నయ్యా?" అంది నూకరత్నం.

"అదే ఆలోచిస్తున్నా."

"నాన్న కథ రాయి. ఏరు పొంగినప్పటిది."

ఆ కథ ఊళ్ళో పెద్దవాళ్ళకి తెలిసిందే. ఒక ఏడు పెద్ద తుపానొచ్చి ఏరు ఊరి మీద పడింది. జనమంతా బడిలోకి చేరి తలుపులు వేసుకున్నారు. పొయ్యి లేదు, గింజ లేదు. అప్పలకొండ తన పెద్ద గుండిగని నీళ్ళలోకి దింపి, అందులో కూర్చుని, గరిటెతో తెడ్డు వేసుకుంటూ గాదె దాకా వెళ్ళి బియ్యం తెచ్చాడు. అదే గుండిగలో మూడు రోజులు ఊరందరికీ గంజీ అన్నం వండాడు. అందరూ తిన్నారా అని అడిగి, అందరూ తిన్నామన్నాక, అడుగున మిగిలిన మాడు గీక్కుని తిని, అసలు రుచంతా మాడులోనే ఉందనేవాడు.

కథ తాతాలుకి నచ్చింది. కానీ ఒక దిగులు పట్టుకుంది. ఒట్టి వంటలవాడి కథ డబ్బిచ్చి ఎవరు చూస్తారు? అందుకని పక్కన ఒక రాజుగారిని పెట్టాడు. రాజుగారికి సైన్యం లేకపోతే బాగుండదని పదివేల మంది సైనికుల్ని పెట్టాడు. వాళ్ళు నడిచొస్తే అలిసిపోతారని వంద ఏనుగుల్ని పెట్టాడు. ఏనుగులు ఏరు దాటాలి కదా అని ఒక ఓడని పెట్టాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, అడిగేవాళ్ళు లేరు. నెల తిరిగేసరికి కాగితాల దొంతర మోకాలెత్తు లేచింది.

ముగ్గురూ బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళారు. సోమలింగం గారి ఇల్లూ ఆఫీసూ ఒకటే. కింద ఆఫీసు, మీద కాపురం. ఆయన దొంతర చూసి నిట్టూర్చి, పై నాలుగు కాగితాలు చదివి కళ్ళజోడు తీశాడు.

"బాబూ, ఇది నీ మొదటి కథా?"

"అవునండి. రెండోది ఇంకా మొదలెట్టలేదండి."

"చూడు. 'వంద ఏనుగులొచ్చాయి' అని రాయడానికి నీకు రెండు చుక్కల సిరా ఖర్చు. వాటిని తెచ్చి నిలబెట్టడానికి నా ఇల్లు ఖర్చు. పేరున్నవాడు రాస్తే ఎవరో ఒకరు ధైర్యం చేసి పెడతారు. కొత్తవాడి కథ చవగ్గా తీసేలా ఉంటేనే అమ్ముడుపోతుంది. అసలు నీ దగ్గర పాత్రలు మరీ ఎక్కువైపోయాయయ్యా. తగ్గించుకుని రా. ఒక్క పాత్ర బలంగా ఉంటే చాలు, దాని మీదే సినిమా అంతా నడిపించేస్తాను."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిరుగు బస్సెక్కారు. అనకాపల్లి దాటాక భూలోకం అన్నాడు.

"ఒరే తాతాలూ, ఆయన మన గడప తొక్కలేదు కదా. మన దగ్గర పాత్రలు ఎక్కువున్నాయని ఎలా కనిపెట్టాడంటావు?"

"అంత తెలివి ఉండబట్టే సినిమాలు తీస్తున్నాడు" అన్నాడు తాతాలు.

"నాకు మొదట్నుంచీ అనుమానమే" అంది నూకరత్నం, "కాలు పెట్టడానికి చోటు లేదు ఇంట్లో."

ఇంటికి రాగానే పాత్రలు తగ్గించే పని మొదలెట్టారు. బలమైనది ఒక్కటే ఉంచాలి. ఏది బలమైనదో తెలిసేదెలా? భూలోకం ఇనప రోకలి తెచ్చాడు. ఒక్కొక్క పాత్రనీ బోర్లించి, ఒక్కొక్క దెబ్బ వేశాడు. సొట్ట పడితే బలం లేనట్టు. గంగాళాలు పడ్డాయి, డేగిసాలు పడ్డాయి, బాణళ్ళకి చిల్లులు పడ్డాయి. వీధివీధంతా గుడిగంటలు మోగినట్టు మోగింది. ఆఖరికి, రోకలే ఎగిరి భూలోకం నుదుటికి తగిలింది కానీ తనకి మాత్రం సొట్ట పడనిది ఒక్కటే మిగిలింది. అప్పలకొండ పెద్ద గుండిగ.

"ఇదే బలమైన పాత్ర" అన్నాడు భూలోకం నుదురు రుద్దుకుంటూ.

సొట్ట పడ్డవాటిని దారిన పోయేవాళ్ళకి పంచిపెట్టేశారు. వారం తిరక్కుండా శ్రావణమాసం పెళ్ళిళ్ళవాళ్ళు సామాను కోసం వచ్చారు.

"సామాను లేదండి, తగ్గించేశాం" అన్నాడు తాతాలు.

"ఒక్కటీ లేదా?"

"ఒక్కటే ఉందండి. అది అద్దెకివ్వం. దాని మీద సినిమా నడిపిస్తారు."

వచ్చినవాళ్ళు గుండిగ వంక, తాతాలు వంక, భూలోకం నుదుటి బొప్పి వంక చూసి, ఇంకో ఊరు వెళ్ళిపోయారు. ఇంకో నలుగురు వచ్చారు, వాళ్ళూ వెళ్ళిపోయారు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడింది. తాతాలు మాత్రం బెదరలేదు. కథ అమ్ముడుపోతే బియ్యానికేం లోటు?

మళ్ళీ విశాఖపట్నం. ఈసారి గుండిగ కూడా బస్సెక్కింది. ఆఫీసు గుమ్మంలోంచి పట్టలేదు. పక్కకి వంచి, దొర్లించి, సోమలింగం గారి బల్ల ముందు నిలబెట్టారు.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"పాత్రండి. తమరు చెప్పినట్టే తగ్గించేశాం. ఇదొక్కటే బలంగా ఉందండి. రోకలితో కొట్టి చూశాం."

ఆయన ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. విషయం మెల్లగా లాగి తెలుసుకున్నాడు. తెలుసుకున్నాక కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. నవ్వుతో వచ్చిన నీళ్ళో, ఇంకోరకం నీళ్ళో తాతాలుకి తెలియలేదు.

"బాబూ, పాత్రలంటే కథలో మనుషులయ్యా. రాజుగారూ, సైనికులూ, వాళ్ళు."

తాతాలు గుండిగ అంచు పట్టుకున్నాడు. ఇల్లంతా ఖాళీగా కళ్ళముందు కనబడింది. "మరి మా గంగాళాలండీ?" అన్నాడు.

సోమలింగం గారికి జాలేసింది. టీలు తెప్పించాడు. "అయిందేదో అయింది. అరుగు మీద కూర్చుని ఇప్పుడే బాగు చెయ్యి. ఏనుగుల్ని తీసెయ్యి. సైన్యాన్ని తీసెయ్యి. ఓడ తీసెయ్యి. రాజుగారిని కూడా తీసెయ్యి. ఖర్చు దానంతటదే దిగుతుంది."

అంతే. ముగ్గురూ అరుగు మీద చేరారు. నూకరత్నం కాగితాలందిస్తోంది, భూలోకం వేలు పెట్టి చూపిస్తున్నాడు, తాతాలు దిద్దుతున్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళకి అయిపోయింది. సోమలింగం గారు మొదటి కాగితం తీసి పైకి చదివాడు.

"తెల్లవారింది. దూరం నుంచి వంద ఏనుగులు రావు. వాటి వెనక పదివేల మంది సైనికులు కత్తులు దూసుకుంటూ రారు. అంతలో ఏటి మీద ఒక పెద్ద ఓడ కనబడదు. రాజుగారు అందులోంచి దిగరు. దిగకుండా వంటలవాడితో, 'ఓయీ' అని అనరు."

ఆయన కాగితం కింద పెట్టాడు. "రాని ఏనుగుల్ని నేనెలా చూపించాలయ్యా?"

"చూపించక్కర్లేదు కదండీ" అన్నాడు తాతాలు వినయంగా. "అందుకే ఖర్చు లేదండి."

"ఓడ కూడా మంచి చవకండి" అన్నాడు భూలోకం. "కనబడదు కదా."

సోమలింగం గారు బల్ల మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఈ ఆడపిల్ల అయినా బతుకుతెరువు పోగొట్టుకుని ఏడుస్తుందేమో అని తలెత్తి చూస్తే, నూకరత్నం గుండిగ పక్కన నేల మీద కూర్చుని దాని అంచు నిమురుతోంది.

"బాబుగారూ, ఆ ఏనుగులూ గట్రా అన్నయ్య పెట్టినవండి" అంది. "నాన్న కథలో ఉన్నది ఇదొక్కటేనండి."

అని చెప్పడం మొదలెట్టింది. ఆ పిల్లకి కథ కట్టడం రాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. గుండిగ పడవైన సంగతి, గరిటె తెడ్డైన సంగతి, మూడోరోజు కట్టెలు లేక బడి బల్లలు కొట్టి పొయ్యిలో పెట్టిన సంగతి. అందరూ తిన్నారా అని అడిగిన సంగతి. గుండిగ అడుగున ఇప్పటికీ పోని నల్లమచ్చ చూపించింది. సోమలింగం గారు కుర్చీలోంచి లేచొచ్చి, గుండిగలోకి వంగి, ఆ మచ్చ మీద వేలు పెట్టి చూశాడు.

"వరద చూపించాలంటే మళ్ళీ ఖర్చేనే" అన్నాడు తనలో తను.

"కనబడలేదండి బాబూ. బడి తలుపులేసేశారు. చప్పుడు మాత్రం వినబడేదంట."

"చప్పుడు చాలు." ఆయన నిటారుగా లేచాడు. "ఒక గది. ఒక వంటలవాడు. ఒక గుండిగ. బయట నీళ్ళ చప్పుడు. దీన్ని నేను తియ్యగలను."

తాతాలు చేతులు నలుపుకున్నాడు. నెలరోజులుగా మనసులో ఉన్నమాట అప్పుడు బయటికొచ్చింది. "ఏనుగులు లేకపోతే మా నాన్న మరీ చిన్నగా కనబడతాడేమోనండి."

"ఏనుగుల పక్కన నిలబెడితేనే చిన్నగా కనబడతాడయ్యా" అన్నాడు సోమలింగం గారు.

ఆ మాట తాతాలుకి అర్థమయింది. ఏనుగు పక్కన ఎవరైనా చిన్నగానే ఉంటారు కదా. ఇంత సులువైన సంగతి తనకి తట్టనందుకు సిగ్గుపడ్డాడు.

"అయితే ఒక చిక్కుంది" అన్నాడాయన కుర్చీలో కూర్చుంటూ. "దీనికి మూలం ఏమైనా ఉందా?"

"నాదండి" అన్నాడు భూలోకం. "మూలా నక్షత్రం, రెండో పాదం."

"నక్షత్రం కాదయ్యా. ఏ పుస్తకమో, పేపరు ముక్కో. నాతో కలిసి పెట్టుబడి పెట్టేవాళ్ళు ఇద్దరున్నారు. ఎక్కడా వినని కథ, ఎవరికీ తెలియని రచయిత అంటే వాళ్ళకి చలిజ్వరం వస్తుంది. ముందే నలుగురికీ తెలిసిన కథ అయితే ధైర్యంగా పెడతారు. నలుగురికీ తెలియాలి. అదొక్కటి ఉందనిపించండి, కొనేస్తాను."

గుండిగ దొర్లించుకుంటూ ఊరికొచ్చారు. నలుగురికీ అన్నాడంటే నలుగురికే. భూలోకం వేళ్ళ మీద లెక్కపెట్టుకుని తమ్ముణ్ణి ఆపాడు.

"ఒరే, మన ఊళ్ళో నూట యాభై గడపలు. సగం మందికి పైగా ఈ కథ తెలుసు. నలుగురికి తెలియాలంటే మిగతావాళ్ళంతా మరిచిపోవాలి."

"మరిచిపోమని అడుగుదాం" అన్నాడు తాతాలు. "నాన్న అన్నం తిన్నవాళ్ళు. ఆ మాత్రం చెయ్యరా?"

ఎవరా నలుగురని ఒక పూట వాదులాడుకుని సర్పంచినీ, బడి పంతులునీ, పోస్టుమాన్‌నీ, టీకొట్టు మంగతల్లినీ ఉంచారు. మిగతా ఊరి మీద పడ్డారు. మొదట దాలమ్మ ఇల్లు. ముసలావిడ, ఎనభై దాటాయి.

"అవ్వా, మా నాన్న వరద కథ నువ్వు మరిచిపోవాలి."

"నాకేం గుర్తుంటుంది నాయనా. నిన్న తిన్న కూరే గుర్తులేదు."

"అలా అంటే కుదరదు. నువ్వు మరిచిపోయింది ఆ కథే అని మాకు తెలియాలి కదా" అన్నాడు తాతాలు. అని, గుండిగ నీళ్ళలో దింపిన దగ్గర్నుంచి మాడు దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. దాలమ్మ బుగ్గలు తడిసిపోయాయి.

"ఇప్పుడు గుర్తొచ్చింది నాయనా. నా చంటిదానికి గంజి ముందు పోసింది మీ నాన్నే. ఇంక చచ్చేదాకా మరిచిపోను."

ముగ్గురూ తల పట్టుకుని పక్కింటికి వెళ్ళారు. అక్కడ ఈ మధ్యే కాపురానికి వచ్చిన కోడలుంది. "ఏం మరిచిపోవాలండీ?" అంది. తెలియనిది మరిచిపోవడం ఎలా? అందుకని ఆమెకీ మొదటి నుంచీ చెప్పి, "ఇదీ మీరు మరిచిపోవలసింది" అన్నారు. ఆమె అత్తగారికి చెప్పింది, అత్తగారు నూతి దగ్గర చెప్పింది. రెండు రోజులు తిరిగేసరికి తెలిసినవాళ్ళకి బాగా తెలిసింది, తెలియనివాళ్ళకి కొత్తగా తెలిసింది.

"ఇల్లిల్లూ తిరిగితే పని జరగదు" అన్నాడు భూలోకం. డప్పు తెచ్చుకుని తనే మెళ్ళో వేసుకున్నాడు. ఊరి మధ్య నిలబడి దండోరా వేశాడు. "ఇందుమూలంగా చెప్పేదేమిటంటే, గిన్నెల అప్పలకొండ గుండిగలో కూర్చుని గరిటెతో తెడ్డు వేసి బియ్యం తెచ్చి, మూడు రోజులు ఊరందరికీ వండిపెట్టి, తను మాడు తిన్న కథ, నలుగురికి తప్ప ఎవరికీ తెలియకూడదహో."

డప్పు చప్పుడికి పొరుగూరి జనం కూడా వచ్చారు. తుని నుంచి ఒక విలేకరి స్కూటరు మీద పోతూ ఆగాడు. ఇంకేముంది, మర్నాడు జిల్లా పేజీలో గుండిగ బొమ్మతో సహా పడింది. 'నాన్న కథ మరిచిపొండి: ఊరంతా తిరిగి వేడుకుంటున్న పిల్లలు.' కింద కథంతా ఉంది.

పేపరు చూసి తాతాలు గోడకి జారగిలబడ్డాడు. నలుగురు కావలసిన చోట జిల్లా అయింది. గంగాళాలు పోయాయి, ఏనుగులు పోయాయి, ఇప్పుడు నాన్న కథ కూడా తన చేతులారా పాడు చేసుకున్నాడు. ఆ రోజు డబ్బాలో ఆఖరి సోలెడు బియ్యం వండుకున్నారు. ఎవరూ సరిగా తినలేదు.

సాయంత్రం పోస్టాఫీసుకి ఫోనొచ్చింది. సోమలింగం గారు వెంటనే రమ్మన్నారట. తిట్టడానికే అనుకుని, తిట్టించుకోవడానికి ముగ్గురూ మర్నాడు వెళ్ళారు. వెళ్ళేసరికి ఆయన బల్ల మీద అదే పేపరుంది.

"ఇంత మంచి మూలం ఎలా సంపాదించారయ్యా?" అన్నాడు. "నా వాటాదార్లిద్దరూ పేపరు చదివి వాళ్ళే ఫోన్ చేశారు. ఒప్పేసుకున్నారు."

"నలుగురన్నారు కదండీ" అన్నాడు భూలోకం భయంగా. "కొంచెం ఎక్కువైపోయారండి."

సోమలింగం గారు ఏదో విడమరచి చెప్పబోయి, ముగ్గురి మొహాలూ చూసి, మానుకున్నాడు. "ఫరవాలేదు. సర్దుకుందాం" అన్నాడు.

ఒప్పందం కాగితం తీసి చదివాడు. గిన్నెల అప్పలకొండ జీవితకథ మీద సర్వహక్కులూ ఇకనుంచి నిర్మాతవే. అమ్మినవాళ్ళు దాన్ని ఇంకెవరికీ ఇవ్వకూడదు. ఇంకెవరి దగ్గరా మాదని హక్కు చెప్పుకోకూడదు.

"సర్వహక్కులూనాండీ?" అన్నాడు తాతాలు.

"సర్వహక్కులూ. సినిమాల్లో అంతే."

తాతాలు చెల్లెలి వంక చూశాడు. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కానీ మూడు ఖాళీ కడుపులు, ఒక ఖాళీ ఇల్లు. తాతాలు సంతకం పెట్టాడు. భూలోకం పెట్టాడు. నూకరత్నం వేలిముద్ర వేసి, ఆ వేలు తలకి తుడుచుకుంది.

బస్సులో తాతాలు అన్నాడు. "అయితే నాన్న ఇంక మన నాన్న కాదన్నమాట."

"మంచి ఇంటికే ఇచ్చాం" అంది నూకరత్నం కళ్ళొత్తుకుంటూ. "ఆయన మంచివాడు. బాగా చూసుకుంటాడు."

వచ్చిన డబ్బుతో కొత్త గంగాళాలొచ్చాయి, డేగిసాలొచ్చాయి, ఇల్లు మళ్ళీ కళకళలాడింది. కానీ మాటంటే మాటే. గోడ మీద అప్పలకొండ ఫొటో తీసి, దండతో సహా పొట్లం కట్టి సోమలింగం గారికి పంపేశారు. రేషన్ కార్డు మార్చుకోమంటే తాతాలు వెళ్ళి దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర 'అమ్మేశాము' అని రాశాడు. గుమాస్తా రెండుసార్లు చదివి, "ఇదేమిటి" అంటే, "కావాలంటే కొన్నవారి చిరునామా ఇస్తానండి" అన్నాడు. ఎవరైనా "అప్పలకొండ కొడుకువి కదూ" అని పలకరిస్తే, చుట్టూ చూసి, "అలా అనకండి, ఒప్పందం తప్పినట్టవుతుంది" అనేవాడు. అన్నాక ఆ పూటంతా దిగాలుగా ఉండేవాడు.

అలా ఉండగా మాఘమాసంలో అప్పలకొండ తద్దినం వచ్చింది. తద్దినం పెట్టించే పంతులుగారు కబురు పంపారు. ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. సర్వహక్కులూ ఆయనవైతే పిండం పెట్టే హక్కు కూడా ఆయనదే కదా. తాము పెట్టడం దొంగతనం. పెట్టకపోతే నాన్నకి పస్తు. ఇంకేముంది, బియ్యం, మినపప్పు, నువ్వులు, దర్భలు, పొయ్యి, బాణలి, పంతులుగారు, అన్నీ వ్యానులో వేసుకుని తెల్లారేసరికి సోమలింగం గారి వాకిట్లో దిగారు. ఆయన పళ్ళు తోముకుంటూ కిందికి వచ్చేసరికి నూకరత్నం గారెల పిండి రుబ్బుతోంది.

"ఏమిటర్రా ఇది?"

"తద్దినమండి" అన్నాడు తాతాలు. "మీ నాన్నగారిది. అదేనండి, మీరు కొనుక్కున్న నాన్నగారిది."

సోమలింగం గారు నోట్లో నురగతోనే మెట్టు మీద కూర్చున్నాడు. కథ హక్కులంటే తండ్రి హక్కులు కాదని చెప్పాడు. కాగితం తెచ్చి చూపించాడు. తాతాలు అదే కాగితంలో 'సర్వ' అన్నచోట వేలు పెట్టి ఊరుకున్నాడు. అలా రెండు మూడు గంటలు గడిచాయి. వాకిట్లో నూనె కాగింది. ఆయన నీరసపడి, "సరే, నాకూ ఆ మహానుభావుడంటే గౌరవమే. పెడతాను, కానివ్వండి" అన్నాడు.

పంతులుగారు దర్భ చేతిలో పెట్టబోతూ ఆగారు. "తమ తండ్రిగారు?"

"మేడ మీద ఉన్నారు."

"బతికే ఉన్నారా? అయితే కుదరదండి. తండ్రి బతికుండగా కొడుకు పిండం పెట్టకూడదు."

పంతులుగారు దర్భ వెనక్కి పెట్టేశారు. పన్నెండు దాటితే వేళ మించిపోతుంది. ఇక్కడ తాతాలు ఏడో తరగతి చదువు అక్కరకొచ్చింది. అన్ననీ చెల్లెల్నీ పక్కకి పిలిచి గుసగుసలాడి, తిరిగొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, మీకు నాన్నలు ఇద్దరవడంతో వచ్చిన చిక్కండి ఇది. మీ నాన్నగారి హక్కులు మాకు రాసిచ్చెయ్యండి. అప్పుడు మీకు మా నాన్న ఒక్కరే ఉంటారు. దర్జాగా పెట్టుకోవచ్చు."

సోమలింగం గారు నోరు తెరిచేలోపలే మేడ మెట్ల మీంచి కర్ర చప్పుడు వినబడింది. పెద్దాయన దిగుతున్నాడు. మూడేళ్ళుగా డాక్టరు చెప్పాడని కొడుకు ఆయనకి ఉప్పులేని జావ తప్ప పెట్టడం లేదు. గారెల వాసన మేడెక్కి ఆయన్ని చెయ్యి పట్టుకుని దింపింది.

"ఏమన్నావు నాయనా, నన్ను కొంటావా?" అన్నాడు తాతాలుతో. "మీ ఇంట్లో ఏం వండుతారు?"

"ఏం కావాలంటే అదండి. గిన్నెలకి లోటు లేదు."

"ఉప్పు వేస్తారా?"

"వెయ్యకపోతే తినలేం కదండీ" అంది నూకరత్నం.

పెద్దాయన బల్ల మీది కలం తీసి తనే కొడుకు చేతిలో పెట్టాడు. "రాసియ్యరా" అన్నాడు. కొడుకు తండ్రి వంక చూశాడు, గడియారం వంక చూశాడు, పంతులుగారి వంక చూశాడు. నాలుగు రోజులు గాలిమార్పుకి వెళ్ళొస్తారులే అనుకుని ఒక చీటీ ముక్క మీద బరికేశాడు. పంతులుగారు చీటీ చదివి, ఇంకో ఇంటికి ఆలస్యమవుతోంది కాబట్టి, దర్భ ఉంగరం తొడిగారు. సోమలింగం గారు గిన్నెల అప్పలకొండ పేరు మూడుసార్లు చెప్పి నీళ్ళు వదిలాడు. ఆ పేరు పెద్దగా, అంతమంది మధ్య వినబడేసరికి తాతాలుకి ఎన్నాళ్ళుగానో బిగుసుకుపోయిన గుండె వదులైంది. పెద్దాయన గారెలు తొమ్మిది తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో పెద్దాయనకి వ్యాను కుదుపులు పడవని ముగ్గురూ మధ్యాహ్నం బస్సెక్కారు. కిటికీ పక్కన చేతికర్ర పట్టుకుని పెద్దాయన కూర్చున్నాడు. పక్కన నూకరత్నం ఆయన మెడకి తువ్వాలు చుడుతోంది. కండక్టరు వచ్చి, ముసలాయనకి టిక్కెట్టు తియ్యాలి, ఎవరి తాలూకు అని అడిగాడు.

తాతాలు చొక్కా జేబులోంచి చీటీ తీసి, మడత విప్పి, ఎంతో గర్వంగా చూపించాడు.

"మా నాన్నండి. పొద్దున్నే కొన్నాం."